తేలికైన లెన్సు

పిండి తూచే త్రాసు మీద రుమ్యానా రెండో లెన్సు కూడా పెట్టి చూసింది. మొదటిది ఎనిమిది వందల గ్రాములు, ఇది కిలోన్నర. దీనికి కెమెరా కలిస్తే రెండు కిలోలు దాటిపోతుంది. రెండు కిలోలకు మించి ఏదీ మొయ్యొద్దని గుండె డాక్టరు ఆమె భర్త వెల్కోకు ఆకులు రాలే రోజుల్లోనే గట్టిగా చెప్పాడు. ఆమె తేలికదాన్ని సంచిలో పెట్టి, పక్కన జున్ను రొట్టె ముక్క ఒకటి ఇరికించింది.

"రెండూ ఒకే దూరం చూస్తాయని నువ్వే అన్నావుగా. ఇంకేం కావాలి?" అంది.

వెల్కో వంగి బూట్లు కట్టుకున్నాడు. అరవై మూడేళ్ళ మనిషి. కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్ళు కిందికి దిగి ఉంటుంది, సంచి పట్టీ అక్కడ ముప్పై అయిదేళ్ళుగా ఒరుసుకుంటోంది. పాత లెన్సు పోయిన నెలలో బిగుసుకుపోయింది. బజారులో కెమెరాలమ్మే మెతోడి, చిన్ననాటి స్నేహితుడు, ఈ రెండూ చేతిలో పెట్టి, పండగ తీసి నచ్చింది ఉంచుకో, రెండోది తెచ్చెయ్యి అన్నాడు. వెల్కోకు ఏది నచ్చిందో ఇంట్లో ఎవరూ అడగలేదు.

మా ఊళ్ళో మనిషి పోతే ఫొటోతో చావు కాగితం అచ్చు వేయించి తలుపు మీద, కరెంటు స్తంభాల మీద అంటిస్తారు. నలభయ్యో రోజున మళ్ళీ, ఆరో నెలలో మళ్ళీ, ఏడాదికి మళ్ళీ. దానికోసం బతికుండగా స్టూడియోకి వెళ్ళి ఫొటో దిగేవాడెవడూ లేడు. పోయాక ఇంటివాళ్ళు ఏడుస్తూ వచ్చి వెల్కో తీసిన పండగ ఫొటోలు తిరగేసి, గుంపులోంచి ఒక ముఖం కత్తిరించి ఇమ్మంటారు. అందుకే పండగలో అతను కెమెరా తమ వైపు తిప్పితే మీసం సవరించుకోవాలో దండం పెట్టుకోవాలో తెలియదని జనం నవ్వుకునేవాళ్ళు. అతనికి బహుమతులేమీ రాలేదు. జిల్లా పేపరు ఒక్కసారి ఫొటో వేసి, పేరు వేయడం మరిచిపోయింది. అయినా ఊళ్ళో ఏ వీధిలో నడిచినా తలుపుల మీద అతని పనే కనిపిస్తుంది.

ఏసు బాప్తిస్మం పండగ జరిగే నది దిగువన ఉంది. నూట పద్ధెనిమిది మెట్లు. తెల్లవారుతోంది కానీ పొగమంచు ఊరి మీదే కూర్చుంది. ఒడ్డున చర్చి పూజారి పాప్ కిరిల్ చెక్క శిలువ పట్టుకుని వేడి ఊపిరి వదులుతున్నాడు. డోలు మొదలైంది. కుట్టుపని చొక్కాల మగవాళ్ళు భుజాలు కలుపుకుని ఆడుతూ మంచునీళ్ళలోకి దిగారు, చివరి ఆట అయ్యేదాకా బయటికి రారు. వరుస చివర డెబ్భై ఎనిమిదేళ్ళ గేనో తాత ఉన్నాడు. దిగే ముందు వెల్కోను పక్కకు పిలిచి మాట తీసుకున్నాడు.

"వచ్చే ఏడు నేనుండనురా. నన్నొక్కణ్ణే తియ్యి. మా ఆవిడ కాగితంలో పక్కవాడి చెవి పడింది. పైకి పోగానే ఆ చెవి ఎవడిదని నన్నే అడుగుతుంది."

వెల్కో నవ్వి సరేనన్నాడు. కెమెరా కంటికి ఆనించాక నవ్వు పోయింది. తేలికైన లెన్సు సగం వెలుతురే లోపలికి రానిస్తుంది. మసక పొద్దులో బొమ్మ పడడానికి ఎక్కువసేపు పట్టేసరికి ఎగురుతున్న ముఖాలు అలికినట్టయ్యాయి. కెమెరాలో వెలుగు పెంచితే బొమ్మ నిండా ఇసుక చల్లినట్టుంది. పైగా గేనో వెనక అరడజను తలలు, వాటి చెవులతో సహా, స్పష్టంగా కనిపిస్తున్నాయి. బరువైనదైతే వెలుతురంతా మింగి, వెనకవాళ్ళను పొగమంచులో కలిపేసి, ముఖాన్ని ఒక్కటే మిగిల్చేది. వెల్కో పన్నెండు ఫొటోలు తీసి చూసుకుని, పన్నెండూ చెరిపేశాడు.

తర్వాత మెట్ల వైపు నడిచాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు, ఎవరూ చూడనూలేదు. పైకి నూట పద్ధెనిమిది. రుమ్యానా చర్చికి వెళ్ళిపోయింది, ఇంట్లో ఎవరూ లేరు. బరువైనదాన్ని కెమెరాకు బిగించి, డోలు ఆగిపోతుందేమోనన్న ఆదుర్దాతో పరుగులాంటి నడకతో దిగాడు. మెడ వెనక చెమట చల్లబడింది. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కితే విదిలించుకున్నాడు.

గేనో ఇంకా నీళ్ళలోనే ఉన్నాడు. వెల్కో నీళ్ళ అంచున మోకాలేసి ఓపికగా కాచుకున్నాడు. డోలు దెబ్బకు ముసలాయన తల ఎత్తాడు. వెల్కో మీట నొక్కాడు. ఇంకోటి తియ్యలేదు.

పాప్ శిలువను నదిలోకి విసిరాడు. కేకలు, నీళ్ళ చప్పుడు. అది దొరికినవాడికి ఏడాదంతా ఆరోగ్యమని నమ్ముతారు, అందరి కళ్ళూ నది మీదే ఉన్నాయి. వెల్కో బోర్లించిన పడవ మీద కూర్చుని, కెమెరా ఒళ్ళో పెట్టుకుని తల వంచాడు. చూసినవాళ్ళు ఫొటోలు చూసుకుంటున్నాడనుకున్నారు. గేనో దుప్పటి చుట్టుకుని, చేతిలో సారా గ్లాసుతో వచ్చి పక్కన కూలబడ్డాడు.

"చెవి పడిందా?" అన్నాడు.

వెల్కో తల ఎత్తలేదు. ముసలాయన వంగి అతని ముఖం చూసి, గ్లాసు కింద పెట్టి, వెల్కో టోపీ తీసి అతని గుండె మీద ఉంచాడు.

చావు కాగితానికి అచ్చువాడు ఫొటో అడిగాడు. ఇల్లంతా వెతికినా వెల్కో ఉన్న ఫొటో దొరకలేదు, తీసేవాడు అతనే కదా. చివరికి పెళ్ళినాటిది ఇచ్చారు. స్తంభం మీది ఆ నల్లటి జుట్టు కుర్రవాడెవరని సొంత వీధివాళ్ళే ఆగి పేరు చదువుకున్నారు.

మూడో రోజు మెతోడి వచ్చాడు. కెమెరాలోని ఒకే ఒక్క ఫొటోను తెరిచి చూశాడు. మంచు గడ్డకట్టిన మీసం, తెరిచిన నోరు, వెనక తెల్లటి మసక. ఎవరి చెవీ లేదు. రెండు లెన్సులూ తీసుకుపోతానని, డబ్బు సంగతి మనసులో పెట్టుకోవద్దని మెల్లగా అన్నాడు.

రుమ్యానా సంచిలోంచి తేలికదాన్ని తీసి అతని చేతిలో పెట్టింది.

"ఇది పట్టుకుపో. దీన్ని సర్దింది నేనే. బరువుదే ఇచ్చుంటే ఒక్కసారి దిగి, అక్కడే ఉండేవాడు. తేలికది పెట్టి నేనే మెట్లు ఎక్కించాను."

మెతోడి ఏదో చెప్పబోయాడు. ఆమె వినలేదు, తలుపు తీసి పట్టుకుంది.

బరువైన లెన్సు వంటింటి బల్ల మీద ఉండిపోయింది. దాని ముందు అద్దం మీద నదినీటి చుక్క ఒకటి ఎండి, చుట్టూ సన్నటి తెల్లగీత మిగిలింది.