సీటు ముక్కు

అక్షరాల్లో తప్పులుంటే దిద్దుకుని చదవండి. అరవై దాటాక పలక పట్టినదాన్ని. ఈ కాగితానికే పదకొండు రోజులు పట్టింది. నా మాటగా రాయబోతే చెయ్యి ఆడలేదు. అందుకని మా సైకిలు సీటు చేత చెప్పిస్తున్నాను.

నేను ఒక తోలు సీటును. నానబెట్టిన ఎద్దుతోలును ఇనప చట్రం మీద లాగి, మేకులు కొట్టి నన్ను చేశారు. మెత్తదనం నాకు పుట్టుకతోనే లేదు. పన్నెండేళ్ళు రామాంజి ఒక్కడినే మోసి, అతని ఒంటికి తగ్గట్టే గుంటలు పడ్డాను. నా ముక్కు, అంటే ముందు కొస, కాస్త పైకెత్తి బిగించుకోవడం అతని అలవాటు. అతను పోయాక భార్య ఓబులమ్మ ఎక్కింది. పశువుల మందులు ఊరూరా చేర్చడానికి సైకిలు తొక్కే ఆడమనిషి కావాలన్నారు పాలడెయిరీ వాళ్ళు. ఆమెకు వేరే దారి లేదు.

తొక్కడం నేర్చుకునే మొదటి వారమే ఆమెను కోసేశాను. రక్తం వచ్చింది. సైకిలు నడిపించుకుంటూ తిప్పయ్య షాపుకు వెళ్ళి, సీటు బాగాలేదంది. అక్కడ మగవాళ్ళు తమ ఒంటికి నప్పే సీటు దొరికేదాకా నాలుగైదు మార్చి చూసుకునేవాళ్ళు.

"యాడ నొస్తాందో చెప్పక్కా. చెప్తేనే గదా సరిజేసేది," అన్నాడు తిప్పయ్య.

"పరుపేసుకోని తొక్కమనప్పా, మహారాణి మాదిరి," అన్నాడు బెంచీ మీద ఒకడు. అందరూ నవ్వారు.

ఎక్కడో ఆమె చెప్పలేకపోయింది. నా కింద నట్టు వదులు చేసి ముక్కు రెండు వేళ్ళు దించితే చాలని తిప్పయ్యకు తెలుసు. చెప్పలేదు. ఇంకో రోజు ఒక పంతులు సైకిలుకు అతను అలా చేస్తుంటే ఆమె చూసింది. పానా సంపాదించి తనే దించుకుంది. అప్పుడు కుదిరింది ఆమెకూ నాకూ పొత్తు.

ఆ పనికి డెయిరీ వాళ్ళు పెట్టిన సైకిలు పరీక్షకు ఇద్దరే వచ్చారు. రెండో మనిషి పక్కవీధి చెన్నక్క. వయసులో చిన్నది, మొగుడు లేడు, ఇద్దరు పసిబిడ్డలు. వంతెన దాకా పోయి, కాలు కింద పెట్టకుండా తిరిగి రావాలి.

"ఇద్దరూ గెలిస్తే చిన్నదానికే ఇస్తా. ఎక్కువేండ్లు చేస్తాది," అన్నాడు మేనేజరు.

చెన్నక్క బాడుగ సైకిలు మీద నేర్చుకుంది. ఆ పొద్దు అది దొరకలేదు. "నువ్వు పొయ్యొచ్చినాక నీది ఇయ్యక్కా, నీ కాళ్ళు మొక్కుతా."

"దానికేముందే, తీస్కో."

ఓబులమ్మ గెలిచి వచ్చింది. డెయిరీ గోడ వెనక్కి పోయి, కొంగులోంచి పానా తీసి, నా ముక్కును రామాంజి కన్నా పైకి ఎత్తి బిగించింది.

చెన్నక్క ఎక్కింది. పోవడం బాగానే పోయింది. తిరుగుదారిలో ఇంకా వంద గజాలుండగా కాలు కింద పెట్టేసింది.

"ఏమైందమ్మా? యాడ తగిలింది?" అన్నాడు మేనేజరు.

చుట్టూ మగవాళ్ళు. ఇంతమందిలో అది నోరు విప్పదని ఓబులమ్మకు తెలుసు. తెలిసే చేసింది.

"ఏం లేదు సార్. నాకే చాతగాలేదు," అంది చెన్నక్క.

సైకిలు అప్పగించే ముందు కొంగుతో నన్ను రెండుసార్లు తుడిచింది.

"మరకైందక్కా. నీ సీటు పాడు చేసినా, ఏమనుకోవాకు."

"పోనీలే," అంది ఓబులమ్మ.

మర్నాడు నా ముక్కు దించుకుని పనికి వెళ్ళింది. ఇరవై ఏళ్ళు నా మీద ఏ నొప్పీ లేకుండా తిరిగింది. ఆ నెలలోనే చెన్నక్క బిడ్డలతో ఇటుకబట్టీలకు పోయింది. ఎక్కడుందో ఎవరూ చెప్పలేదు. ఓబులమ్మ అడగనూ లేదు. నేనిప్పుడు ఆమె అటక మీదున్నాను.

ఓబులమ్మ, డెబ్బై ఒక్క ఏళ్ళు. కదిరిలో, డెయిరీ జీతంతో కట్టుకున్న ఇంట్లో ఉంటున్నాను.