కన్నం పూడ్చిన నురుగు

నేను ఒక నురుగును. సబ్బు నురుగులా కాసేపు మెరిసి పోయే రకం కాదు. పాలియురేథేన్ నురుగు అంటారు నన్ను. కర్మాగారంలో ద్రవంగా డబ్బాలో కుక్కి, వేడిని తట్టుకుంటానని, గాలిని దూరనివ్వనని పైన రాశారు. మనుషులు తమ గురించి చెప్పుకునే మాటలతో పోలిస్తే అది నిజమే.

డబ్బాలోంచి బయటపడగానే గాలిలోని తేమ తగిలి ఉబ్బుతాను. దొరికిన సందంతా నిండి గట్టిపడతాను. అయితే డబ్బా ఒకసారి తెరిచాక మిగిలింది దాచుకోవడానికి పనికిరాదు. ఈ కథంతా ఆ మిగులు వల్లే వచ్చింది.

ప్రొద్దుటూరులో ఒక మేడ. పైన యజమాని ఓబుల్‌రెడ్డి ఇల్లు. కింద నాగమునెమ్మ ఇడ్లీ హోటలు, దాని పక్కనే ఖాసింబీ కుట్టుమిషను అంగడి. పైన ఏసీ గొట్టం చుట్టూ సందు పూడ్చిన ఫిట్టరు డబ్బా ఊపి చూశాడు.

"ఇంగా సగముంది సార్. సాయంత్రానికి గట్టిపడిపోతాది."

"పారేసేదెందుకు? కింద హోటలు వంటింటి గోడకు బొక్కుంది. దాంట్లో కొట్టు."

ఓబుల్‌రెడ్డి ఏ వస్తువునూ వృథా పోనివ్వడు. ఆ మధ్యాహ్నం రెండు అంగళ్లూ మూసి ఉన్నాయి. వంటిల్లు వెనకవైపు తలుపులేని రేకుల షెడ్డు కాబట్టి ఫిట్టరుకు అడ్డం లేకపోయింది. వంటింటికీ కుట్టంగడికీ మధ్య గోడలో, ఎప్పుడో నీళ్ల గొట్టం కోసం కొట్టిన కన్నం అది. గొట్టం సన్నం, కన్నం వెడల్పు. నేను నిండుగా కూర్చున్నాను. ఫిట్టరు ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు. ఓబుల్‌రెడ్డి మర్నాటికే మరిచిపోయాడు.

నా ఒక ముఖం పొయ్యి వైపు, ఇంకొకటి మిషను వైపు. రెండు వైపుల గొణుగుళ్లూ విన్నాకే నాకు సంగతి తెలిసింది. ఒక జ్వరం తర్వాత నాగమునెమ్మకు వాసన తెలియకుండా పోయింది. వంట అమ్మి బతికే మనిషి ఆ మాట ఎవరితో చెప్పుకుంటుంది? ఖాసింబీకి మాత్రం చెప్పింది. అప్పటి నుంచి ఖాసింబీ మిషను తొక్కుతూనే ముక్కు ఇటు పెట్టేది. "అక్కా, పోపు మాడుతాంది!" అని కన్నంలోంచి అరిస్తే నాగమునెమ్మ మంట తగ్గించేది.

ఇప్పుడు ఇటు మాట రాదు, అటు వాసన పోదు.

"నా పొయ్యి సెగ ఓర్చుకోలేక కన్నం మూపిచ్చిందిలే," అని పొయ్యి దగ్గర నాగమునెమ్మ. "నా ముక్కుతో పని తీరిపోయిందేమో," అని మిషను దగ్గర ఖాసింబీ. వీధిలో ఎదురైతే ఇద్దరూ పెడమొహం పెట్టారు. అడిగితే చిన్నతనమని ఎవరూ అడగలేదు. నాకు నోరు లేదు. ఉన్నవాళ్లు దాన్ని వాడలేదు.

సాంబారు మాడింది. పప్పు అడుగంటింది. పొద్దున్నే నిండే బెంచీలు ఖాళీగా మిగిలాయి. నాగమునెమ్మ గంటె ముక్కు దగ్గర పెట్టుకుని, ఏమీ తెలియక అలాగే నిలబడేది. నాకు జాలి వేసింది. అయినా వెంట్రుకవాసి సందు ఇవ్వలేదు. పని పనే.

ఒకరోజు ప్యాంటు తీసుకోవడానికి వచ్చిన పెద్దాయన ఖాసింబీతో అన్నాడు. "ఇంగ ఆ హోటల్లో తినలేము. అంతా మాడు వాసన. రేపో మాపో మూసేస్తాది పాపం."

ఖాసింబీ మిషను ఆపింది. గుడ్డలు కత్తిరించే కత్తెర తీసుకుని, స్టూలెక్కి, నన్ను పొడిచి ముక్కలుగా పెకలించింది. వెలుతురుతో పాటు సెగ వచ్చింది. దాని వెంటే వాసన.

"అక్కా! పప్పు మాడుతాంది, దించు!"

అవతల గంటె కింద పడింది. పప్పు దించాకే గొంతు వినిపించింది.

"మూపిచ్చింది నువ్వు గాదా మే?"

"నేనెందుకు మూపిస్తా? నువ్వే అనుకుంటి!"

ఇద్దరూ కాసేపు ఏడ్చారు. తర్వాత నన్ను తిట్టారు. మనుషులకు అది సులువు.

నా ముక్కల్లో పెద్దది ఇప్పుడు మిషను పక్కన ఉంది. ఖాసింబీ దానికి గుండుసూదులు గుచ్చుకుంటుంది. నా పనిలో ఏ లోపమూ లేదు, లోపం లేనందుకే పెకలించారు. పొయ్యి సెగ కన్నంలోంచి వచ్చి నా మీదుగానే పోతుంది. ఖాసింబీ చెమట తుడుచుకుంటూ ఆ సెగను తిడుతుంది, ముక్కు మాత్రం అటే పెడుతుంది. నేను దేన్నీ ఆపడం లేదు. సూదులు పట్టుకుంటున్నాను.