పదిహేడో నంబరు పంది

మూడోసారి పరీక్ష చేసినా అదే జవాబు. వైరస్‌లో రెండు జన్యువులు లేవు.

నింగ్ షువాంగ్ రక్తం సీసా పక్కన పెట్టింది. ఊళ్ళకు ఊళ్ళే పందుల్ని తుడిచిపెట్టే ఆ జ్వరపు వైరస్ నుంచి ఆ రెండు జన్యువుల్నీ పదకొండేళ్ళ క్రితం కత్తిరించి తీసేసింది తనే. అలా నీరసపరిచిన వైరసే తన టీకా. రేపు పదింటికి బీజింగ్‌లో దానికి లైసెన్సు. అంతవరకూ అది ప్రయోగశాల గడప దాటకూడదు. కానీ ఈ రక్తం తన అన్న దషాన్ దగ్గర చచ్చిన పందులది. పంది నుంచి పందికి పాకుతూ అది పోయిన బలం మళ్ళీ పుంజుకుంది.

అన్నకి ఫోన్ చేసింది.

"అన్నయ్యా, నిజం చెప్పు. దొంగ టీకా ఏదైనా కొని పొడిచావా?"

"దొంగది నాకెందుకే? ఇంట్లోనే టీకాలు చేసే మహాతల్లి ఉందిగా! ఒక్క సీసా ఇవ్వమంటే ఆఫీసరమ్మలా మొహం పెట్టావు. రెండొందల పందులే, షువాంగ్! మీ వదిన మంచం దిగట్లేదు."

"బయటివాళ్ళెవరైనా వచ్చారా?"

"రోగం రాకుండా గేటు ముందంతా సున్నం పోశా, ఎవర్నీ రానివ్వలేదు. కొత్త సంవత్సరానికి నువ్వొక్కదానివే వచ్చావు."

"కుడితిలో ఏం కలిపావు?"

"ఏముంది? నువ్వు తెచ్చిన తొడమాంసం కడిగిన నీళ్ళు."

ఆ తొడ పూ తాత ఇచ్చింది. టీకా వేసి చూస్తున్న పందులకు కాపరి ఆయన. పన్నెండో నెలలో పందిని కోసి అయినవాళ్ళకి పంచడం ఆ వైపు ఆనవాయితీ. వద్దంటే ముసలాయన చిన్నబుచ్చుకుంటాడని తీసుకుంది. జ్వరం పాకకుండా దారిలో పోలీసులు పందిమాంసం కోసం ప్రతి కారునీ వెతుకుతున్నారు. ఆమె గుర్తింపు కార్డు చూసి మాత్రం డిక్కీ తెరవకుండానే సెల్యూట్ కొట్టి వదిలారు. తను నవ్వింది కూడా. ఇప్పుడు పూ తాతకి ఫోన్ చేసింది.

"తాతా, ఆ తొడ బజారుదేనా?"

"మీకు బజారు మాంసం ఇస్తానా మేడం! మన పదిహేడో నంబరుది. ఎంత కొవ్వు పట్టిందో!"

"కాల్చెయ్యమన్నాను కదా!"

"తలా పేగులూ కాల్చాగా. కరువులో చెట్టు బెరడు నమిలి బతికినవాణ్ణి. అంత మాంసం బూడిద చెయ్యడానికి చెయ్యి రాలేదు. మనుషులకేం కాదని మీరే అన్నారుగా!"

షువాంగ్ ఫోన్ పెట్టేసింది.

పదేళ్ళుగా తనతో పనిచేస్తున్న యాన్ అంతా విన్నాడు. లేచి తలుపు మూశాడు.

"మేడం, ఇది మనిద్దరికే తెలుసు. మీ అన్నగారి పందుల్ని ఎలాగూ పూడ్చేశారు. రేపటిదాకా ఊరుకుంటే పదకొండేళ్ళ కష్టం..."

"ఎల్లుండి నుంచి అది ప్రతి పందికీ ఎక్కుతుంది, యాన్."

లైసెన్సు సంఘం అధ్యక్షుడు లౌ నంబరు నొక్కింది.

"టీకా ఆపించండి సార్. అది మళ్ళీ చంపుతోంది. బయటికి మోసుకెళ్ళింది నేనే."

అవతల లౌ తలుపు మూసిన చప్పుడైంది.

"షువాంగ్... రేపటిది ఉత్త లాంఛనం. టీకా తయారుచేసే కంపెనీవాళ్ళు తొందరపెడితే పోయిన సోమవారమే పంపిణీకి ఒప్పేసుకున్నాను."

"ఎక్కడికి?"

ఆయన జిల్లాల పేర్లు చదవడం మొదలుపెట్టాడు. షువాంగ్ రాసుకుంటోంది. కాగితం నిండింది. వెనక్కి తిప్పింది. ఆయన ఇంకా చదువుతూనే ఉన్నాడు.