స్థిరనివాస పత్రం

1948 ఎండాకాలంలో ఓటర్ల జాబితా రాసే పని మాబోటి బడిపంతుళ్ళకు అప్పగించారు. మా దాచేపల్లిలో నైజాం గొడవలకు భయపడి కృష్ణ దాటి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళు విడిగా ఒక పత్రం ఇవ్వాలి, ఇకమీదట ఇక్కడే స్థిరంగా ఉంటామని. అది ఇస్తేనే ఈ దేశపు మనుషుల లెక్కలో చేరతారు.

వాళ్ళలో నా కూతురు ఎస్తేరు ఒకతె. ఆమెను వాడపల్లి అవతలి ఊరికి ఇచ్చాను. గొడవలు ముదిరాక అల్లుడు ఏలియా ఆమెను పడవ ఎక్కించి, గొడ్లను అమ్ముకొని వస్తానని ఆగిపోయాడు. మూడు నెలలైంది.

అందరి పత్రాలూ రాశాను. ఆమెదే మిగిలింది.

"ఇక్కడే ఉంటానని రాసిస్తే, రేపు ఆయనొచ్చి ఇంటికి పోదాం పదమంటే ఎట్టా?" అనేది.

పత్రాల గడువుకు పన్నెండు రోజుల ముందు పడవ నడిపే రాఘవయ్య బడికి వచ్చి, ఏలియాను చంపేశారని నాతో చెప్పాడు. ఊరి బయట పూడ్చారట. ఆ సంగతి రోజూ సాయంత్రం ఎస్తేరుతో చెబుదామనుకునేవాణ్ణి.

గడువు రెండు రోజులుందనగా తనే వచ్చి ఎదురుగా కూర్చుంది.

"సరే, రాయి నాయనా. ఆయనొచ్చాక ఆయనదీ రాద్దువు."

అలవాటుగా "భర్త పేరు?" అన్నాను. ఆమె నవ్వింది. మా పల్లెల్లో ఏ మతమైనా ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు.

"అల్లుడి పేరు కూడా మరిచావా ఏంది? పోయి పక్కింటి బుల్లెమ్మత్తను అడుగు."

ఆ వారమంతా ఎందరో విధవరాళ్ళ పత్రాలు రాసిన చెయ్యి. 'లేటు ఏలియా భార్య' అని అదే రాసేసింది. సంతకానికని కాగితమూ కలమూ ఆమె ముందు పెట్టాక గాని చూసుకోలేదు. ఆమెకు చదువు చెప్పింది నేనే.

ఆ మొదటి మాట మీద వేలు పెట్టింది.

"ఎప్పుడు తెలిసింది?"

"పది రోజులైంది."

"రోజూ ఆయనకని అన్నం తీసి మూత పెడతన్నా. చూస్తా కూర్చున్నావా?"

రాఘవయ్య వచ్చి చెప్పాడన్నాను.

"ఏడ పెట్టారు?"

చెప్పాను. ఎస్తేరు కలం పక్కన పెట్టింది.

"అయితే నేను పోవాల."

"అక్కడ ఎవరున్నారమ్మా? గొడవలు తగ్గలేదు. సంతకం పెట్టు. ఇక్కడే ఉండు."

"ఆయన వచ్చేదుంటే ఇక్కడే ఉండేదాన్ని. రాడుగా."

మర్నాడు పొద్దున పొందుగల రేవు దాకా నేనే తోడు వెళ్ళాను. పడవ ఎక్కబోతూ, "ఉట్టి మీద మజ్జిగుంది, మధ్యాన్నం పోసుకో" అంది.

గడువు రోజున పత్రాలు తీసుకొని గురజాల కచేరీకి వెళ్ళాను. గుమాస్తా వాటిని జాబితాతో సరిచూసుకున్నాడు.

"ఒకటి తగ్గిందే, పంతులుగారూ?"

"ఒకరు ఊరు వెళ్ళారండీ."

"మళ్ళీ వస్తారా?"

తెలియదన్నాను.

"అయితే ఆ పేరు మీరే కొట్టేసి ఇవ్వండి" అన్నాడు.

కొట్టేసి ఇచ్చాను.