కాపలా ఎక్కడ పెట్టాలి

ఆస్పత్రి కంప్యూటర్లన్నిటినీ కనిపెట్టుకుని ఉండే సాఫ్ట్‌వేర్ ఒకటి కొన్నారు. ఏ మెషీన్ ఆగినా చెబుతుంది, సిబ్బంది ఫిర్యాదులన్నీ ఒకచోట చేరుస్తుంది. కొనడం తేలికే. దాన్ని ఎక్కడ పెట్టాలన్న దగ్గరే పేచీ వచ్చింది.

"మన సర్వర్లోనే పెడితే, అది ఆగిన రోజు ఇదీ ఆగుతుంది సార్. బయట అద్దె మెషీన్‌లో పెడదాం," అన్నాడు నెట్‌వర్క్ ఇన్‌చార్జి.

సూపరింటెండెంట్ కళ్ళజోడు మీదుగా చూశాడు. "రోగుల సంగతులు ఊరంతా పంచుదామా? ఇంటిగుట్టు లంకకు చేటయ్యా. కిందగదిలో అంత సర్వర్ పెట్టుకుని మనకి అద్దెకొంపలెందుకు?"

రోగుల సంగతులు అందులోకి రానేరావని ఇన్‌చార్జి చెప్పాల్సింది. కానీ పురిటికొచ్చిన తన చెల్లెలికి పై అంతస్తులో గది ఇప్పించింది ఆ పెద్దమనిషే మరి. మొహమాటానికి ఏ ఆస్పత్రిలోనూ మందు లేదు. "మీ ఇష్టం సార్," అనేశాడు.

చెల్లెలికి నెలలు నిండకుండానే కొడుకు పుట్టాడు. పిల్లాణ్ణి గాజుపెట్టెలో పెట్టారు. పెట్టెలో వేడి తగ్గితే, వసారా చివర నర్సుల బల్ల దగ్గర గంట మోగాలి. ఆ కబురు కూడా కింది సర్వర్ మీదుగానే వెళ్ళాలి.

ఆ రోజు ఇన్‌చార్జి తెరమీద అన్నీ పచ్చచుక్కలే. ఒక్క ఫిర్యాదూ లేదు. ఉద్యోగంలో చేరాక ఇంత నింపాదిగా టీ తాగిన పాపాన పోలేదతను. అంతలో చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, పెట్టెమీద ఎర్రలైటు వెలుగుతోంది. నర్సమ్మలెవరూ రాలేదు. వెళ్ళి పిలవనా?"

"కంగారుపడకే. ఇక్కడ అన్నీ బాగానే ఉన్నాయి. నిజంగా తేడా వస్తే వాళ్ళకి గంట మోగేది. నువ్వు కాసేపు నడుం వాల్చు."

"హమ్మయ్య," అంది చెల్లెలు.

టీ అయిపోయింది. ఇంకో పని కూడా అయిపోయింది. ఇంతమంది ఉన్నచోట పొద్దుటినుంచి ఒక్కరూ సణగలేదేమిటన్న అనుమానం అప్పుడు తగిలింది. తెరమీద పేజీని మళ్ళీ తెరిచాడు. రాలేదు. కిందగదికి పరుగెత్తి తలుపు తీస్తే వేడి మొహాన కొట్టింది. ఏసీ ఆగిపోయింది, సర్వర్ ఎప్పుడో చచ్చింది. ఇంతసేపూ తను చూస్తున్నది సర్వర్ చావకముందు తెరమీద నిలిచిపోయిన పాత బొమ్మ. చెల్లెలికి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగింది.

మెట్లన్నీ ఎలా ఎక్కాడో తెలియదు. చెల్లెలు కుర్చీలో ఒరిగి, ప్రసవమయ్యాక మొదటిసారి ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది. పిల్లాడు ఉలిక్కిపడతాడని ఫోన్ నోరు నొక్కి పెట్టుకుంది. అతను పెట్టె పక్క కంతలోంచి చెయ్యి పెట్టి పిల్లాడి పాదం పట్టుకున్నాడు. చల్లగా తగిలింది.

"నర్సమ్మా!" అని అరిచాడు.

ఆ కేకకి చెల్లెలు కళ్ళు తెరిచింది. "ఏమైంది అన్నయ్యా? అన్నీ బాగానే ఉన్నాయన్నావుగా?"