పసుపు నీళ్లు

కౌసల్యమ్మ పోయిన రోజున కారు తిమ్మాజిపేటదాకా కూడా పోలేదు. నాగర్‌కర్నూల్ నుంచి పాలమూరు పెద్ద దవాఖానకు ఆయాసంతో ఉన్న ఆమెను తీసుకుని బయలుదేరి, ఆ ఊరు కనబడకముందే బానెట్ సందుల్లోంచి ఆవిరి చిమ్మి ఆగిపోయింది. ఆ ఏడు కూడా వానల్లేవు. చెరువులో చుక్క లేదు. కరెంటు లేక బోర్లు పోయడం లేదు. డ్రైవరు బాలకిష్టయ్య డబ్బా పట్టుకుని పొలాల్లోకి పరుగెత్తాడు. ఎవరిదో గొడ్ల తొట్టిలోంచి నీళ్లు ముంచుకుని వచ్చేసరికి, వెనక సీటులో అతని భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అలాగే ఉంది. ఆయాసం మాత్రం ఆగింది.

దినాలు కాకముందే కారు యజమాని రాజ్‌కుమార్ కబురు పెట్టాడు. బాలకిష్టయ్య బస్టాండు వెనక షెడ్డుకు వెళ్లాడు. ఇంట్లో ఉండి చేసేదేమీ లేదు. పిల్లలు లేరు. ఒక చెంబు, ఒక కంచం సరిపోతున్నాయి.

"గట్ల కావల్సింది కాదు కిష్టన్నా. ఏం జేస్తం," అన్నాడు రాజ్‌కుమార్. కారు తాళంచెవి అతని చేతిలో పెట్టి, "రేపు పొద్దుగాల కోడేరు పోవాలె. ఈదమ్మ బిడ్డకు నెలలు నిండినయ్, వనపర్తి దవాఖానకు తీస్కపోవాలె. జర బండి సూడు. గింత పసుపు పొయ్యి, నిలుస్తది," అన్నాడు.

రేడియేటర్ కారితే పసుపు పోయడం ఆ షెడ్డులో అందరూ చేసే వైద్యమే. సన్నని చిల్లు మూసుకుంటుంది, కొన్నాళ్లు బండి నడుస్తుంది. ఈ కారులో పోసిన పసుపంతా కౌసల్యమ్మ డబ్బాలోదే. "నా మొకానికంటే నీ బండికే ఎక్కువ పెడ్తున్న. దాన్నే పెండ్లి చేస్కోకపోతివి?" అంటూనే పొట్లం కట్టి ఇచ్చేది.

బాలకిష్టయ్య రేడియేటర్ మూత తీశాడు. లోపల పసుపు మడ్డి. మంచినీళ్లు నిండా పోసి, పైపులనూ క్లిప్పులనూ పొడిగుడ్డతో తుడిచి, కింద పాత పేపరు పరిచి, స్టార్ట్ చేశాడు. పై పైపు పొడిగానే ఉంది. కింది పైపూ పొడిగానే ఉంది. కాసేపటికి పేపరు మీద, ఫ్యాన్ కిందుగా ఒక చుక్క పడింది. దాని మీదే మరొకటి. ఇంజను ఆపి ఫ్యాన్ పట్టుకుని ఊపాడు. వదులుగా ఆడింది. నీళ్లను తిప్పే పంపు అడుగున చిన్న బెజ్జం తడిగా ఉంది. లోపలి సీలు పోయింది. అక్కడ పసుపు నిలవదు. పోసినదంతా రేడియేటర్ సన్నగొట్టాల్లో చేరి వాటిని మూసేసింది.

అతను గుడ్డతో చేతులు తుడుచుకుని యజమాని వైపు తిరిగాడు.

"సేటూ, పంపు పోయింది. కొత్తది వెయ్యాలె. రేడియేటర్ దించి కడిగియ్యాలె."

"పంపు హైదరాబాద్ నుంచి రావాలె. అందాంక బండి పండుకుంటే కిస్తీ నువ్ గడ్తవా? ఇన్నొద్దులు పసుపుతోని నడ్వలే?"

"నడ్సింది. తిమ్మాజిపేట ఇవతలి దాంక నడ్సింది."

రాజ్‌కుమార్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "నువ్ పరేషాన్ల ఉన్నవ్. ఇంటికి పో. మన ఇంకో డ్రైవర్ భాస్కర్ తోల్తడు."

బాలకిష్టయ్య పానా అందుకున్నాడు. బెల్టు వదులు చేసి, ఫ్యాన్ తీసి, పంపు బోల్టులు ఒక్కొక్కటే విప్పాడు. పసుపు నీళ్లు దిగివచ్చి అతని పాదాలు తడిపాయి. అతను కాళ్లు తీయలేదు. పంపును తెచ్చి యజమాని ముందు బల్ల మీద పెట్టాడు.

"ఇగ ఎవలు తోల్తరో తోలుమను. ఈదమ్మకు నేనే చెప్పొస్త. మాపటి బస్సుకే బిడ్డను తీస్కపోయి దవాఖానల ఉండుమంట."

"పన్లనుంచి తీసేస్త కిష్టన్నా."

"తియ్యి సేటూ."

వెళ్లేముందు కారు వెనక తలుపు తీశాడు. కౌసల్యమ్మ కప్పుకున్న దుప్పటి సీటు మీదే ఉంది. దాని మీద చెయ్యి పెట్టి, తలుపు మెల్లగా మూశాడు.

ఈదమ్మ బిడ్డ ఆ సాయంత్రమే బస్సులో వనపర్తి చేరింది. కారు షెడ్డులోనే ఉంది. కొత్త పంపు తెప్పించలేదు. వెనక సీటు మీది దుప్పటి ఇంకా ఎవరూ తియ్యలేదు.