అక్సా కోసం ప్రార్థన

"తలమీద చెయ్యి పెట్టకుండా పాస్టరుగారు ప్రార్థన ఎలా చేస్తారే?" అత్తగారు మూడోసారి అడిగింది.

"దూరంగా నిలబడి చేసినా దేవుడికి వినబడదా అత్తయ్యా?" అంది జయశీల, పూరీపిండి కలుపుతూ.

ఆ సాయంత్రం ఘాజియాబాద్‌లోని వాళ్ల ఫ్లాట్‌లో ప్రార్థన కూడిక. ట్యూషన్ మాస్టారి దుర్మార్గం బయటపడి నాలుగు నెలలైంది. జయశీల కూతురు, తొమ్మిదేళ్ల అక్సా ఇప్పటికీ ఎవరు తాకినా బిగుసుకుపోతోంది. అడగకుండా ముట్టుకోవద్దని కౌన్సెలర్ చెప్పింది.

"ఆ దుర్మార్గుడూ, మన పాస్టరుగారూ ఒకటేనా?"

"అది మీకూ నాకూ తెలుసు. దాని ఒంటికి ఇంకా తెలీదు."

అక్సా గుమ్మంలోకి వచ్చింది. "నానమ్మా, ప్రేయర్ అయ్యేదాకా నేను బాత్రూమ్‌లో ఉండనా, ప్లీజ్?"

దగ్గరకు తీసుకోబోయిన ఆవిడ చెయ్యి మధ్యలోనే ఆగింది. తర్వాత హాల్లో కుర్చీలు సర్దుతున్న కొడుకును పిలిచి, అతనికీ కోడలికీ నెమ్మదిగా చెప్పింది.

"ఇవాళ్టినుంచి అక్సాను అడక్కుండా ఎవరూ తాకరు. నేను కూడా. పాస్టరుగారికి నేనే చెప్తాను."